చలికాలంలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు: గది వెచ్చదనం దగ్గర్నుంచి రోజువారీ పలకరింపు దాకా ఏమేం చూడాలి?

వెచ్చనిగది (చర్చ మొదలుపెట్టినవారు)

చలి ముదరకముందే ఈ విషయాలన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని మొదలుపెడుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునేవాళ్లకి, దూరం నుంచి ఫోన్లో కనిపెట్టుకుని ఉండేవాళ్లకి, ఇళ్లకు వెళ్లి సేవ చేసేవాళ్లకి ముగ్గురికీ పనికిరావాలి. "వెచ్చగా ఉండండి" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఎంత వెచ్చగా, ఏ గదిలో, ఎలా కొలవాలి, తేడా వస్తే ఏం చేయాలి, అలా రాయండి.

నా వంతుగా గది సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన గృహ మార్గదర్శకాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉండాలని చెప్పింది. పెద్దవాళ్లకు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువే కావాలి. కూర్చునే గదిలో ఒక థర్మామీటరు, పడుకునే గదిలో ఒకటి పెట్టండి. కుర్చీలో కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తులో ఉండాలి. హీటరు పక్కన, కిటికీ అంచున, బయటి గోడకు ఆనించి పెడితే అంకె తప్పుతుంది.

"చలేస్తోందా?" అని అడిగి ఊరుకోకండి. వయసు పైబడ్డాక చర్మానికి చలి తెలియడం తగ్గుతుంది, వణుకు సరిగా రాదు, వేడి పుట్టించే కండ తక్కువ. పదహారు డిగ్రీల గదిలో కూడా "బాగానే ఉందిలే" అంటారు. అబద్ధం కాదది, వాళ్లకి నిజంగానే తెలియదు. గోడ మీది అంకె చూడండి, తర్వాత బట్టల కింద పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి. చేతులు, కాళ్లు చల్లగా ఉండటం మామూలే. పొట్ట చల్లగా ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే దిగితే అది హైపోథర్మియా. మాట ముద్దముద్దగా రావడం, తడబడే నడక, మగత, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, అర్థంలేని మాటలు గుర్తులు. మామూలు జ్వరం థర్మామీటర్లు చాలావరకు మరీ తక్కువ వేడిని కొలవలేవు. అంకె బదులు "లో" (Lo, అంటే తక్కువ) అని చూపిస్తే యంత్రం పాడైందని పక్కన పెట్టేయకండి. వెంటనే అత్యవసర సాయానికి ఫోన్ చేసి, తడి బట్టలు తీసేసి, తల, మెడ, ఛాతీ ముందు కప్పండి. కాళ్లూ చేతులూ రుద్దకూడదు, వేడినీళ్లలో ముంచకూడదు, మద్యం అసలే వద్దు. చేతులు కాళ్లు ముందు వేడెక్కితే అక్కడి చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకు చేరి లయ తప్పించే ప్రమాదం ఉంది. మెలకువగా ఉండి మింగగలిగితేనే గోరువెచ్చని పానీయం.

---

నాడి

వెచ్చనిగది గారు చెప్పినదానికి కలుపుతున్నాను. చలిలో చనిపోయే పెద్దవాళ్లలో ఎక్కువమంది హైపోథర్మియాతో పోరు. గుండెపోటు, పక్షవాతం, న్యుమోనియా, ఇవే ఎక్కువ. చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణం కూడా పెరుగుతుంది. వేసవిలో అదుపులో ఉన్న బీపీ చలికాలంలో అదే మాత్రతో అదుపు తప్పడం చాలామందిలో కనిపిస్తుంది.

ఇంట్లో బీపీ చూసేటప్పుడు గది వెచ్చగా ఉండాలి. మూత్రానికి వెళ్లొచ్చాక, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు కూర్చోవాలి. అంతకుముందు అరగంటలో కాఫీ, పొగ ఉండకూడదు. పట్టీ స్వెట్టరు మీద కాదు, ఒట్టి చేతికి కట్టాలి. చేతిని బల్ల మీద గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. పొద్దున రెండు, సాయంత్రం రెండు, అలా వారం. మొదటి రోజు అంకెలు తీసేసి మిగతావాటి సగటు కట్టండి. ఇంటి సగటు 135/85 దాటితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. సొంతంగా మాత్ర పెంచవద్దు, ఎండలు రాగానే మానేయవద్దు.

పట్టీ సైజు చాలామంది పట్టించుకోరు. లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో దాదాపు 80 శాతం చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది.

ఇంకొకటి, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు. చల్లటి వేళ్ల మీద అది తప్పుడు అంకె చూపిస్తుంది, ఒక్కోసారి అసలు చూపించదు. అరచేతులు వెచ్చబడే దాకా ఆగి, గోళ్లరంగు తీసేసి, అంకె నిలకడగా ఉండేదాకా చూసి అప్పుడు రాసుకోండి.

---

తీగెలపని

హీటర్ల గురించి నేను చెప్తాను. పరదా, దుప్పటి, పేపర్లు, మంచం, దేనికైనా 1 మీటరు దూరం. గోడ సాకెట్టుకే నేరుగా తగిలించాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఎందుకంటే 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల హీటరు సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల తీగ గంటలకొద్దీ ఆ బరువు మోస్తే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి అంటుకుంటుంది. ప్లగ్గు పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా ఉందంటే అప్పటికే సాకెట్టు వదులైపోయిందని అర్థం. పడిపోతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు ఉన్నదే కొనండి. నిద్రపోయే ముందు ఆపేయాలి. పడుకోబోయే ముందు గంటసేపు గది వేడిచేసి, తలుపు సందుకు గుడ్డ చుట్టి పెడితే చాలా ఇళ్లలో రాత్రంతా ఇబ్బంది ఉండదు.

అయితే బొగ్గు, కట్టె, గ్యాసు, కిరోసిన్ మండే గదిలో మాత్రం సందులన్నీ మూయకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తాయి, జలుబో అజీర్తో అనుకుంటారు. ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతుంటే అది జలుబు కాదు. కిటికీలు తెరిచి అందర్నీ బయటికి తెచ్చి, ఆ తర్వాత సాయానికి ఫోన్ చేయండి. బొగ్గుల కుంపటి మూసిన గదిలో ఎప్పుడూ వద్దు. అలారం పెట్టండి, నెలకోసారి మీట నొక్కి చూడండి. సెన్సర్ల ఆయువు రకాన్ని బట్టి 5 నుంచి 10 ఏళ్లు, వెనక తేదీ రాసి ఉంటుంది.

---

నాడి

తీగెలపని గారి మాటకి ఒక హెచ్చరిక జోడించాలి. కార్బన్ మోనాక్సైడ్ పట్టినవాళ్ల వేలికి మామూలు ఆక్సిజన్ మీటరు పెడితే 98, 99 చూపిస్తుంది. రక్తంలో ఉన్నది ఆక్సిజనా, ఈ వాయువా అన్న తేడా ఆ యంత్రం కనిపెట్టలేదు. అంకె బాగుంది కదా అని ఇంట్లోనే ఉంచేయకండి.

---

పెద్దకోడలు

హాట్ వాటర్ బ్యాగు, కరెంటు దుప్పటి సంగతి చెప్పండి. షుగరు ఉన్న మనిషికి పాదాల దగ్గర బ్యాగు పెట్టవచ్చా? స్నానం రోజూ చేయించాలా, మానేయాలా?

---

వెచ్చనిగది

షుగరుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకి బ్యాగు కాళ్లకు తగిలేలా పెట్టవద్దండీ. మరిగే నీళ్లే కాల్చాలని లేదు. 44 డిగ్రీల వేడి కూడా ఒకేచోట ఆరు గంటలు ఆని ఉంటే చర్మం కాలుతుంది. స్పర్శ లేనివాళ్లకి అది తెల్లారాక కనిపిస్తుంది, పుండు పడితే మానడానికి నెలలు పడుతుంది. పడుకునే ముందు పావుగంట పక్క మీద పెట్టి పక్క వేడెక్కాక తీసేయండి. మరిగిన నీళ్లు కాస్త చల్లారాకే పోయాలి, మూడింట రెండు వంతులు నింపి గాలి తీసేసి మూత బిగించాలి, గుడ్డ తొడుగు వేయాలి. రబ్బరులో పగుళ్లు కనిపిస్తే అదే రోజు పారేయండి. కరెంటు దుప్పటీ, నీళ్ల బ్యాగూ కలిపి ఎప్పుడూ వాడకూడదు. మూత్రం ఆపుకోలేనివాళ్లకి, మతిమరుపు ఉన్నవాళ్లకి కరెంటు దుప్పటి వద్దు. వాళ్లకి ఊలు సాక్సులే మంచివి, బిగుతుగా లేనివి.

స్నానం రోజూ అక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు చాలు, మిగతా రోజుల్లో చంకలు, గజ్జలు, పాదాలు, వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టండి. ముందు స్నానాలగది వెచ్చబెట్టాలి, బట్టలు విప్పేది కూడా అక్కడే. వెచ్చటి గదిలోంచి చల్లటి గదిలోకి, అక్కడ్నుంచి వేడినీళ్లలోకి వెళ్లడంలో బీపీ ఒకసారి ఎగసి వెంటనే పడిపోతుంది. కళ్లు తిరిగి పడేది అప్పుడే. నీళ్లు 37, 38 డిగ్రీలు చాలు, 41 దాటకూడదు, 10 నిమిషాల్లో అయిపోవాలి. గీజరు 60 దగ్గర పెట్టి ఉంటే ఆ నీళ్లు అయిదారు సెకన్లలోనే తీవ్రంగా కాలుస్తాయి. చన్నీళ్లు ముందు పోసి, తర్వాత వేడినీళ్లు కలపండి. ఒళ్లు అద్ది తుడిచి, ఇంకా తడి ఉండగానే నూనె లేదా క్రీము రాయండి. అరికాళ్లకు రాసిన వెంటనే నడిపించవద్దు, సాక్సు, చెప్పు వేశాకే.

---

మాత్రలపెట్టె

జలుబు మందులతో జరిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే వివరంగా.

ముక్కు దిబ్బడకు వాడే మాత్రల్లో సూడోఎఫిడ్రిన్, ఫినైలెఫ్రిన్ ఉంటాయి. ఇవి బీపీ పెంచుతాయి, ప్రోస్టేట్ పెద్దదైన మగవాళ్లలో మూత్రం బిగబట్టేలా చేస్తాయి. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ లాంటి పాత అలర్జీ మందులు మగత, మతి తప్పడం, మలబద్ధకం, పడిపోవడం తెస్తాయి. 65 దాటినవాళ్లకి ఇవ్వకూడనివాటి జాబితాల్లో ఇవి ఎప్పటి నుంచో ఉన్నాయి. రాత్రి నిద్ర కోసం ఒక జలుబు మాత్ర వేస్తే తెల్లవారుజామున మనిషి అయోమయంగా తిరగడం వీటివల్లే. దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు వాడండి.

పారాసెటమాల్ ఒంటినొప్పుల మాత్రలో, జలుబు మాత్రలో, జ్వరం సిరప్పులో మూడింటిలోనూ ఉంటుంది. మూడూ వాడితే మోతాదు మూడింతలు. 24 గంటల్లో 4 గ్రాములు అన్నది ఆరోగ్యంగా ఉన్న వయోజనులకు పైహద్దు. 50 కిలోల లోపు బరువున్నవాళ్లకి, చిక్కిపోయినవాళ్లకి, కాలేయం జబ్బున్నవాళ్లకి ఇంకా తగ్గించాలి, ఎంతన్నది డాక్టరు చెప్పాలి. ఐబుప్రొఫెన్ జాతి నొప్పి మాత్రలు బీపీ మాత్రలు, నీళ్ల మాత్రలు (ఒంట్లోని నీటిని మూత్రంగా పంపేవి) వాడేవాళ్ల కిడ్నీలను దెబ్బతీస్తాయి.

ఇక నీళ్ల మాత్ర. చలిలో పదేపదే మూత్రానికి లేవలేక చాలామంది దీన్ని ఎవరికీ చెప్పకుండా మానేస్తారు. వారం తిరిగేసరికి కాళ్లు వాచి, పడుకుంటే ఆయాసం. మానేయడం కాదు, వేళ మార్చవచ్చేమో డాక్టరును అడగండి.

ఆయాసానికి పీల్చే పంపు (ఇన్‌హేలరు) చల్లబడితే మందు సరిగా బయటికి రాదు. లోపలి జేబులో పెట్టుకోండి, చల్లబడితే అరచేతుల్లో వెచ్చబెట్టండి, పొయ్యి దగ్గరా వేడినీళ్లలోనూ పెట్టవద్దు. ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టిందంటే కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే.

టీకాలు: ఫ్లూ టీకా ఏటా. రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి చలికి ముందే వేయించాలి. 65 దాటినవాళ్లకి ఎక్కువ మోతాదు రకం దొరికితే అది మేలు. న్యుమోకోకల్ టీకా (న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియాకు వేసేది) వేశారో లేదో కాగితాలు చూడండి. ఆర్‌ఎస్‌వీ (ఊపిరితిత్తులకు సోకే ఒక వైరస్) టీకా 2023లో వచ్చింది, దొరికేచోట డాక్టరును అడగండి.

---

నాడి

పెద్దవాళ్లలో ఫ్లూ, న్యుమోనియా వచ్చినా ఒళ్లు కాలకపోవచ్చు. వాళ్ల మామూలు వేడి 36 అయితే 37.2 కూడా జ్వరమే. నోట్లో పెట్టి చూసినప్పుడు 37.8 దాటినా, రోజువారీ అంకె కంటే 1.1 డిగ్రీలు పెరిగినా తీసిపారేయకండి. అందుకే బాగున్నప్పుడే ఒక వారం వేడి రాసి పెట్టుకోవాలి. దగ్గు కంటే ముందు అన్నం మానేయడం, పడిపోవడం, ఒక్కరోజులో మాట తేడా రావడం కనిపిస్తాయి. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టమివిర్ మొదటి 48 గంటల్లో మొదలైతే ఎక్కువ పనిచేస్తుంది, "రేపు చూద్దాం" అంటే ఆ వేళ దాటిపోతుంది.

---

కబురు

ఇప్పటిదాకా ఒంటి సంగతులు వచ్చాయి. వీటిని రోజూ ఎవరు చూస్తారు? బీపీ పెరిగిందని, పొట్ట చల్లగా ఉందని, నీళ్ల మాత్ర మానేశారని తెలియాలంటే తలుపు తట్టే మనిషి ఉండాలి. నా దృష్టిలో పలకరింపు, ఆరోగ్య పరీక్ష రెండు వేరు పనులు కావు, ఒకే పని.

ముందు ఎవరు ఎంత ఒంటరిగా ఉన్నారో తేల్చండి. లుబెన్ కొలమానం అని ఆరు ప్రశ్నలది ఉంది. నెలకోసారైనా కలిసే లేదా మాట్లాడే బంధువులు ఎంతమంది, సొంత విషయాలు చెప్పుకోగల బంధువులు ఎంతమంది, సాయం అడగగలిగేంత దగ్గరివాళ్లు ఎంతమంది. ఇవే మూడు మళ్లీ స్నేహితుల గురించి. ఒక్కో జవాబుకు 0 నుంచి 5. మొత్తం 30లో 12 కంటే తక్కువ వస్తే ఆ మనిషికి ఆసరా పలుచగా ఉన్నట్టు. ఇది పరిచయాల లెక్క మాత్రమే. ఇల్లు నిండా మనుషులున్నా ఒంటరిగా అనిపించేవాళ్లుంటారు. అది తెలియాలంటే "తోడు లేదనిపిస్తుందా, పక్కన పెట్టేశారనిపిస్తుందా, అందరికీ దూరంగా ఉన్నట్టుంటుందా" అని అడగాలి. దాదాపు ఎప్పుడూ లేదు అంటే 1, అప్పుడప్పుడు అంటే 2, తరచూ అంటే 3. కలిపితే 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినవాళ్లకి ఫోన్ల సంఖ్య పెంచితే సరిపోదు, మనసుకు దగ్గరైన ఒక్క మనిషి కావాలి.

ఫోను గొలుసు బాగా పనిచేస్తుంది. అయిదారుగురు పెద్దవాళ్లు. పొద్దున 9కి మొదటివారు రెండోవారికి, వాళ్లు మూడోవారికి, చివరివారు మళ్లీ మొదటివారికి. సాయం పుచ్చుకునేవాళ్లుగా కాక ఇచ్చేవాళ్లుగా ఉండటంతో పొద్దున్నే లేవడానికి ఒక కారణం ఉంటుంది. గొలుసు తెగేది ఎక్కడంటే, ఒకరు ఎత్తకపోతే మిగతావాళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటారు. అందుకే నియమం ముందే రాసి ఫోను పక్కన అంటించండి: ఎత్తకపోతే పావుగంట ఆగి మళ్లీ చేయాలి. అప్పుడూ ఎత్తకపోతే ఆ తర్వాతి మనిషికి చేసి గొలుసు నడిపించాలి, తాళంచెవి ఉన్నవారికి చెప్పాలి. తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి, పది నిమిషాల్లో రాగలవాళ్ల దగ్గర. గ్యాసు, కరెంటు ఎక్కడ ఆపాలో, మందుల చీటీ ఎక్కడుందో వాళ్లకి తెలియాలి. గడియ లోపల వేసుకుంటే తాళంచెవి ఎందుకూ పనికిరాదు, ఆ గడియ తీయించేయండి.

ఫోన్లో "బాగున్నారా?" అంటే "బాగున్నాను" తప్ప మరో జవాబు రాదు. "పొద్దున్నుంచి ఏ గదిలో కూర్చున్నారు? గోడ మీద అంకె ఎంత? రాత్రి ఏం తిన్నారు? నిన్న మీతో ఎవరు మాట్లాడారు?" అని అడగండి. మాట వింటూ ఉండండి. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారా, నాలుక మందంగా ఉందా, నిన్న చెప్పిందే కొత్తగా చెప్తున్నారా. అలా అని మొత్తం విచారణలా చేయకండి. మూడొంతులు కబుర్లు, ఒక వంతు ఇవి. మీ ఇంటి సమస్య ఒకటి చెప్పి సలహా అడగండి, వాళ్లు మనసు విప్పుతారు.

---

పెద్దకోడలు

వీడియో కాల్ మేలు కదా, మొహం కనిపిస్తుంది, వాపు, కళ్లలో నీరసం తెలుస్తాయి?

---

చెవిలోమాట

తెలుస్తాయండీ, పరికరం సరిగా అమరితే. ఒళ్లో పెట్టుకుంటే గడ్డం, పైకప్పు తప్ప ఏమీ కనపడవు. కంటి ఎత్తున స్టాండు, ఛార్జరు ఎప్పుడూ తగిలించే ఉండాలి, తెర మీద ఫొటోలతో నలుగురు పేర్లే, వెలుతురు మొహం మీద పడేలా. ముఖ్యంగా వేళ. కచ్చితమైన వేళ లేని వీడియో కాల్ రెండు వారాల్లో ఆగిపోతుంది. గుంపు కాల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వినికిడి తగ్గినవాళ్లకి ఒట్టి గోల. నలుగురికి మించవద్దు, ఒకరి తర్వాత ఒకరు.

వినపడక మాట్లాడటం మానేసేవాళ్లు చాలా ఎక్కువ, దాన్ని ముసలితనం అనుకుంటాం. చలికాలంలో వినికిడి యంత్రాలకు మూడు తిప్పలు. జింక్ ఎయిర్ బ్యాటరీలు చలిలో, పొడిగాలిలో తొందరగా నీరసిస్తాయి. స్టిక్కరు తీసిన వెంటనే మూత వేయకుండా రెండు మూడు నిమిషాలు గాలి తగలనివ్వండి. బయటి చలిలోంచి వెచ్చటి గదిలోకి వస్తే లోపల తేమ పడుతుంది, రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టండి. గుళికల రంగు మారితే మార్చాలి. మఫ్లరు, టోపీ, మాస్కు తీసేటప్పుడు యంత్రం ఊడిపోతుంది, అద్దం ముందు కూర్చుని తీయడం అలవాటు చేయండి. గులిమి కోసం చెవిలో పుల్లలు పెట్టవద్దు, లోపలికి నెట్టేస్తాయి.

ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే "జలుబు వల్లలే" అని ఆగవద్దు. 72 గంటల లోపల వచ్చే ఆకస్మిక చెవుడుకు స్టెరాయిడ్ వైద్యం ఎంత తొందరగా మొదలైతే అంత మేలు. అదే రోజు చెవి డాక్టరు దగ్గరికి.

మాట్లాడేటప్పుడు అరవవద్దు. అరిస్తే మాట వంకరపోతుంది, మొహం కోపంగా కనిపిస్తుంది. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, నిదానంగా, అర్థం కాకపోతే అదే మాట కాకుండా వేరే మాటల్లో చెప్పండి.

---

ఊతకర్ర

కదలిక. పదిరోజులు మంచంపట్టిన ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల కాళ్ల కండ దాదాపు కిలో తగ్గినట్టు 2007లో వచ్చిన పరిశోధనలో తేలింది. చలికని కుర్చీలోనే గడిపినా పోయేది ఆ కండే.

చలి మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ఈ పరీక్ష పెట్టండి. చేతులు లేని 43 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీ, వెనక గోడకు ఆనించి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్లవాళ్లలో మగవాళ్లు 12, ఆడవాళ్లు 10 కంటే తక్కువ చేస్తే పడే ప్రమాదం ఎక్కువ. 80 నుంచి 84లో 10, 9. చేతి ఊతం లేకుండా లేవలేకపోతే సున్నా రాయాలి. పక్కన మనిషి లేకుండా చేయించవద్దు.

మందు కూడా ఇదే. పొద్దున, సాయంత్రం 8 నుంచి 10 సార్లు లేచి కూర్చోవడం, దిగేటప్పుడు మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా. ధబ్బున కూలబడితే లాభం సగం పోతుంది. తర్వాత గట్టి బల్ల పట్టుకుని మడమలు ఎత్తడం, ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి 10 సెకన్లు నిలబడటం. నిలకడ (బ్యాలెన్స్), బలం రెండూ పెంచే వ్యాయామం వారానికి కనీసం మూడు రోజులు ఉండాలి. ఫోను గొలుసులో ఇద్దరు స్పీకరు పెట్టుకుని కలిసి లెక్కపెడుతూ చేస్తే మానరు.

బయట నడకకు తెల్లవారుజాము వద్దు. చలి ఎక్కువ, గాలి కదలక పొగ నేలకు దగ్గరగా పేరుకుంటుంది, గుండెపోట్లు కూడా ఉదయం వేళే ఎక్కువ. పదకొండు నుంచి మూడు మధ్య మంచిది. లోపలే అయిదు నిమిషాలు కాళ్లు చేతులు ఆడించి బయలుదేరాలి, నోటికీ ముక్కుకీ అడ్డంగా మఫ్లరు. ఛాతీ పట్టేస్తే అక్కడే ఆగాలి.

ఇంట్లో పడటం ఎక్కువగా రాత్రి మూత్రానికి లేచినప్పుడే. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి. నేల వైపు పడే చిన్న లైటు దారి పొడవునా ఉండాలి. నున్నటి నేల మీద ఒట్టి సాక్సులతో నడవకూడదు, మడమ మూసి ఉన్న జారని చెప్పులు వేసుకోవాలి. కాళ్లకు చుట్టుకునే పొడుగు దుప్పట్లు కప్పుకుని తిరగనివ్వకండి.

---

మాత్రలపెట్టె

తిండి, నీళ్ల సంగతి కలుపుతాను. దాహం తెలియడం వయసుతో తగ్గుతుంది, చలికి మూత్రం ఎక్కువ అవుతుంది, లేవాల్సి వస్తుందని తాగడం మానేస్తారు. రోజుకు పానీయాలన్నీ కలిపి ఆడవాళ్లు 1.6 లీటర్లు, మగవాళ్లు 2 లీటర్లు. గుండె నీరసం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు, డాక్టరు చెప్పిన కొలతే. ఎక్కువ భాగం సాయంత్రం 6 లోపు తాగిస్తే రాత్రి లేవడం తగ్గుతుంది. మాంసకృత్తులు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు, మూడు పూటలకూ పంచి. ఇక్కడా కిడ్నీ జబ్బువాళ్లు వేరు. విటమిన్ డి 70 దాటినవాళ్లకి రోజుకు 800 యూనిట్లు, పరీక్ష లేకుండా 4000 దాటవద్దు. గాజు కిటికీ వెనక ఎండలో ఎంతసేపు కూర్చున్నా విటమిన్ డి తయారుకాదు, దానికి కావలసిన కిరణాలను గాజు ఆపేస్తుంది.

---

నాడి

మనసు గురించి రెండు మాటలు. గత రెండు వారాల్లో ఏ పనిలోనూ ఆసక్తి లేకపోవడం ఎన్ని రోజులు, దిగులుగా ఉండటం ఎన్ని రోజులు? అసలు లేదు 0, కొన్ని రోజులు 1, సగం రోజులకు పైగా 2, దాదాపు రోజూ 3. మొత్తం 3 వచ్చినా డాక్టరుకు చూపించాలి. పెద్దవాళ్లు "దిగులుగా ఉంది" అనరు. "ఒంట్లో బాగోలేదు, ఆకలి లేదు, నిద్ర లేదు" అంటారు. పొద్దున వెలుతురు సాయం చేస్తుంది. మబ్బు పట్టిన రోజు కూడా ఆరుబయట వెలుతురు గదిలో దీపాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చలికాలపు దిగులుకు వాడే 10,000 లక్సుల దీపం పొద్దున్నే 20 నుంచి 30 నిమిషాలు. కంటి లోపలి రెటీనా పొర జబ్బు, బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ దిగులుకూ మారే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి అయోమయం వస్తే అది దిగులు కాదు, మతిమరుపూ కాదు. ఇన్ఫెక్షన్, మూత్రం బిగియడం, మలబద్ధకం, కొత్త మాత్ర, చాలావరకు వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఆ రోజే చూపించాలి.

---

పెద్దకోడలు

అన్నీ అమర్చినా "నేను ఎక్కడికీ రాను, నన్ను వదిలేయండి" అంటే ఏం చేయాలి కబురు గారూ?

---

కబురు

"రాను" వెనక చెప్పుకోలేని కారణం ఒకటి ఉంటుంది, ముందు అది పట్టుకోవాలి. పట్టుబట్టి పిలిస్తే ఇంకా బిగుసుకుంటారు. నలుగురిలో కాదు, పక్కన ఏదో పని చేస్తూ అడగండి.

వినపడక నవ్వులపాలవుతామని కొందరికి. వాళ్లని గోడకు వీపు ఉండేలా, బాగా వినిపించే చెవి గుంపు వైపు ఉండేలా కూర్చోబెట్టండి. కట్టుడుపళ్లు వదులై నలుగురిలో తినలేక కొందరు. పళ్ల డాక్టరు పాత సెట్టుకే లోపలి పొర వేసి బిగుతు చేయగలరు, అదయ్యేదాకా తిండి లేని కలయికకే పిలవండి. చీకటి పడితే దారి కనపడదని భయం, ఎదురొచ్చే బండ్ల దీపాలు కళ్లు చెదరగొడతాయని భయం కొందరికి. సాయంత్రపు కలయికలు పగటికి మార్చి, మూడు లోపల ఇంటికి చేర్చండి. ఆరు, ఎనిమిది మంది చాలు, గంటన్నర చాలు, చేతులున్న కుర్చీలు ఉండాలి. గదిలో ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచండి. జలుబు చేసినవాళ్లు ఆ వారం ఫోన్లోనే కలవాలి, అది అందరికీ ముందే చెప్పాలి.

పిలుపులో పని ఉండాలి. "రండి, కూర్చోండి" అంటే రారు. "హాజరు రాసేవాళ్లు లేరు, మీ చేతిరాత బాగుంటుంది" అంటే ఆలోచిస్తారు. మొదటి రెండు సార్లు తెలిసిన మనిషి ఇంటి నుంచి ఇంటి దాకా తోడుండాలి. వద్దంటే ఆ వారం ఆపి మళ్లీ వచ్చే వారం పిలవాలి, పిలుపు మాత్రం మానకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా దాచేది మూత్రం ఆపుకోలేకపోవడం. చలిలో అది పెరుగుతుంది, తడిస్తే నలుగురిలో తలెత్తుకోలేమని ఇంటికే పరిమితమవుతారు. ఇది వయసుతో తప్పనిది కాదు, కటి కండరాల వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది, డాక్టరుకు చెప్పాలి. కొత్తగా మొదలైతే మూత్ర పరీక్ష చేయించండి. బయలుదేరే ముందు ఒకసారి వెళ్లి రావడం, లోపల ప్యాడు, సంచిలో ఒక జత బట్టలు, ముదురు రంగు కింది బట్ట. కలుసుకునే చోట మరుగుదొడ్డికి దగ్గరి కుర్చీ వాళ్లకి కేటాయించి, ఆ సంగతి ముందు రోజే ఫోన్లో వాళ్లొక్కరికే చెప్పండి.